ఇన్‌ఫ్లేమబుల్ అంటే మండదనా? రెండు మాటలు, ఒకే మంట

  

ఇయ్యాల రెండు ఇంగ్లిష్ మాటల గురించి మాట్లాడుకుందాం. మీరు రాజీవ్ రహదారి మీద బండి నడుపుతుంటే ముందు పెట్రోల్ ట్యాంకర్ పోతుంటది కదా. దాని వెనక ఎర్ర అక్షరాలతో "హైలీ ఇన్‌ఫ్లేమబుల్" అని రాసి ఉంటది. అదే మీ ఇంట్ల డియోడరెంట్ డబ్బా తీసి వెనక చదవండి. "ఫ్లేమబుల్" అని ఉండొచ్చు. ఒకటేమో ఇన్‌ఫ్లేమబుల్, ఇంకొకటేమో ఫ్లేమబుల్. ఇప్పుడు చెప్పండి, రెండిట్లో మండేది ఏది?

చాలామంది ఏమనుకుంటారంటే, కరెక్ట్‌కు ఇన్‌కరెక్ట్ ఎట్లనో, కంప్లీట్‌కు ఇన్‌కంప్లీట్ ఎట్లనో, ఫ్లేమబుల్‌కు ఇన్‌ఫ్లేమబుల్ అట్ల. అంటే ఒకటి మండుతది, ఒకటి మండదు. లెక్క సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తది. కానీ జవాబు తప్పు. రెండూ మండుతయి. రెండిటికీ అర్థం ఒక్కటే: తొందరగా మంట అంటుకునేది అని.

మరి ఒకే అర్థానికి రెండు మాటలు ఎందుకు వచ్చినయి? అందులో ఒకటి ఉల్టా అర్థం ఇచ్చేటట్టు ఎందుకున్నది? ఇది వట్టి గ్రామర్ ముచ్చట కాదు. దీని వెనక బొగ్గు బాయిలు ఉన్నయి, చచ్చిపోయిన మనుషులు ఉన్నారు, మన దేశం రాజ్యాంగం ఉన్నది. మా ఇంట్ల కాలిన ఒక చెయ్యి కూడా ఉన్నది. ముందు ఆ చెయ్యి సంగతే చెప్త.

నేను తొమ్మిదో తరగతికి పోయే ముందు ఎండకాలం సెలవులు. కమాన్‌పూర్‌లో మా ఇంటికి ఒక వడ్ల కాక కప్‌బోర్డు చేస్తుండు. అప్పటిదాకా ఆయన తలుపులు, మంచాలు, నాగళ్లు చేసిన మనిషి. సన్‌మైకా అంటించే పని ఆయనకు కొత్త. షాపాయన ఒక రేకు డబ్బాలో గమ్ ఇచ్చి పంపిండు. సాయంత్రం కరెంటు పోయింది. ఆ రోజుల్లో ఎండకాలం కరెంటు పోవుడు మామూలే. కాక కొవ్వొత్తి ముట్టించి నేల మీద పెట్టిండు. డబ్బా మూత తీయబోతూ నన్ను పిలిచి అడిగిండు.

"బిడ్డా, నువ్వు ఇంగ్లిష్ మీడియం కదా. దీని మీద ఎర్రగ ఏదో రాసిండ్రు, ఏందది?"

నేను చదివిన. ఇన్‌ఫ్లేమబుల్. ఆ మాట అంతకుముందు నాకు తెల్వదు. కానీ టీచర్ ప్రిఫిక్స్‌లు బాగ నేర్పింది. ఇన్ అంటే "కాదు". ఫ్లేమ్ అంటే మంట. ఏబుల్ అంటే "వీలైనది". మూడు ముక్కలు కలిపి గర్వంగా చెప్పిన: "ఇది మండదు కాక, ఏం కాదు."

ఆ గమ్‌లో ద్రావకం ఉంటది. మూత తీయంగనే ఆవిరై లేస్తది. ఆ ఆవిరి గాలికంటే బరువు. పైకి పోదు, నేల మీదనే పాకుతది. గది కిటికీలు మూసి ఉన్నయి. కొవ్వొత్తి నాలుగైదు అడుగుల దూరంలో ఉన్నది. కాక బ్రష్ ముంచి రెండోసారి తీసేసరికి భగ్గుమన్నది. మా బాపు బయట మంచం మీద పండుకున్నడు. ఉరికొచ్చి గొంగడి కప్పి ఆర్పిండు. కాక కుడి చెయ్యి మోచేతి దాకా కాలింది. ప్రాణానికి ఏం కాలేదు. కానీ రెండు నెలలు ఆయన పని పట్టలేదు. వడ్లాయనకు కుడి చెయ్యి అంటే ఏందో మీకు చెప్పే పని లేదు.

ఆ రాత్రి దవాఖాన నుంచి వచ్చినంక నేను బాపుకు చెప్పిన, "నేనే మండదని చెప్పిన" అని. తిడుతడనుకున్న. తిట్టలే. "ఇన్‌ఫ్లేమబుల్ అంటే అంటుకునేదే కద బిడ్డా. మా పరీక్షల మొట్టమొదటి మాట అది" అన్నడు.

మా బాపు బాయిల పని చేసేటోడు. కోల్ ఫిల్లర్‌గా దిగి, తర్వాత పరీక్ష రాసి సర్దార్ అయిండు. ఆయన ఇంగ్లిష్ అంతంత మాత్రం. కానీ పాత నోట్‌బుక్‌లో తెలుగు అక్షరాలతో రాసుకున్నడు: ఇన్‌ఫ్లేమబుల్ గ్యాస్, అంటే మంట అంటుకునే గ్యాస్. ప్రిఫిక్స్ తెలిసిన నేను తప్పు చెప్పిన. ప్రిఫిక్స్ అంటే ఏందో తెలియని బాపుకు సరైన అర్థం తెలుసు. అప్పటినుంచి ఈ మాట నన్ను వదల్లేదు. బీటెక్ అయినంక, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నప్పుడు కూడా దీని గురించి చదువుతూనే ఉన్న. అదంతా ఇయ్యాల మీ ముందు పెడుతున్న.

సరే, మొదలు ఎక్కడ? లాటిన్ భాషలో.

లాటిన్‌లో ఫ్లమ్మా అంటే మంట. ఫ్లమ్మారే అంటే మండడం, మండించడం. దానికి ముందు "ఇన్" చేర్చి ఇన్‌ఫ్లమ్మారే అన్నారు. అంటే "నిప్పు అంటించడం". ఇక్కడ ఇన్ అంటే "కాదు" అని కాదు. "లోపలికి, మీదికి" అని. మంటలోకి నెట్టడం అన్నమాట.

అసలు చిక్కు ఏందంటే, లాటిన్‌లో చూడటానికి ఒకే తీరుగ ఉండే రెండు వేర్వేరు "ఇన్"లు ఉన్నయి. ఒకటి "లోపలికి". రెండోది "కాదు, లేదు". ఈ రెండో ఇన్‌కు, మన సంస్కృతంలోని "అ", "అన్"కు మూలం ఒక్కటే. అంతం లేనిది అనంతం. ఫినిస్ అంటే లాటిన్‌లో అంతం, అది లేనిది ఇన్‌ఫినిట్. చూసిండ్రా, అనంతం, ఇన్‌ఫినిట్ రెండూ ఒకే పద్ధతిలో కట్టిన మాటలు.

ఈ రెండు ఇన్‌లు మీ ఫోన్‌లోనే రోజూ కనిపిస్తయి. యాప్ "ఇన్‌స్టాల్" చేస్తారు. అది లోపలికి ఇన్. పాస్‌వర్డ్ తప్పు కొడితే "ఇన్‌వాలిడ్" అంటది. అది కాదు అనే ఇన్. నా లాంటి కోడింగ్ మనుషుల భాషలో చెప్పాలంటే, ఒకే పేరు పెట్టిన రెండు వేరే ఫంక్షన్లు. ఏది రన్ అయితదో పేరు చూస్తే తెల్వదు, లోపలికి పోయి చూడాలె.

మన దగ్గర ఇట్లాంటిది లేదా అంటే, ఉన్నది. "వి" అనే ఉపసర్గ చూడండి. శుద్ధం ముందు వి పెడితే విశుద్ధం. అంటే శుద్ధం కానిది కాదు, బాగా శుద్ధమైనది. అదే మలం ముందు వి పెడితే విమలం. అంటే బాగా మురికైనది కాదు, మురికి లేనిది! ఒకే వి, ఒక చోట అర్థాన్ని పెంచింది, ఇంకో చోట లేకుండ చేసింది. మనం ఎన్నడన్నా తికమక పడ్డమా? పడలే. ఎందుకంటే విమల అనే పేరును ముక్కలు చేసి చదవం. మొత్తం మాటగా విన్నం, మొత్తం మాటగానే నేర్చుకున్నం.

ఇన్‌ఫ్లేమబుల్ కూడా ఇంగ్లిష్‌లోకి అట్ల మొత్తం మాటగానే వచ్చింది, 1600ల మొదట్లో. దాని చుట్టాలు అంతకుముందే వచ్చి ఉన్నయి. దెబ్బ తగిలిన చోట ఎర్రగా వాచి మంట పుడితే డాక్టర్ ఇన్‌ఫ్లమేషన్ అంటడు కదా, అదీ ఈ కుటుంబమే. జనాన్ని రెచ్చగొట్టే ప్రసంగాన్ని ఇన్‌ఫ్లమేటరీ స్పీచ్ అంటారు. ఎవరూ దాన్ని "చల్లబరిచే ప్రసంగం" అనుకోరు. ఇంకో సంగతి. నిప్పు అంటించడం అనే క్రియను పాత ఇంగ్లిష్ రాతల్లో ఫ్రెంచి పద్ధతిలో "ఎన్‌ఫ్లేమ్" అని కూడా రాసేవారు. ఎనేబుల్, ఎన్‌లార్జ్‌లో ఉన్నట్టు. ఆ "ఎన్" అట్లనే నిలిచిపోయి ఉంటే ఇయ్యాల ఈ ఎపిసోడ్ అవసరం పడకపోవు. కానీ లాటిన్ స్పెల్లింగే గెలిచింది.

ఇక మాట ల్యాబ్‌లోకి ఎట్ల పోయిందో చూద్దాం. 1766లో హెన్రీ కావెండిష్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త లోహాల మీద యాసిడ్ పోసి ఒక గ్యాస్ పట్టిండు. నిప్పు చూపిస్తే మండింది. దానికి ఆయన పెట్టిన పేరు "ఇన్‌ఫ్లేమబుల్ ఎయిర్". ఇప్పుడు మనం హైడ్రోజన్ అంటున్నది అదే. పదేళ్ల తర్వాత, 1776లో, ఇటలీలో అలెస్సాండ్రో వోల్టా ఒక సరస్సు అంచున బురదను కర్రతో కదిపిండు. బుడగలు లేచినయి. వాటిని సీసాలో పట్టి ముట్టిస్తే అవీ మండినయి. ఆయన కూడా దాన్ని మండే గాలి అన్నడు. అదే మీథేన్. అవును, మన కరెంటు వోల్టేజ్‌కు పేరిచ్చిన వోల్టానే.

ఆ బురదలోని మీథేన్, బొగ్గు బాయిలో వచ్చే గ్యాస్ రెండూ ఒక్కటే. లక్షల, కోట్ల ఏళ్ల కింద చెట్లు చేమలు నేలలో కూరుకుపోయి బొగ్గు అయ్యేటప్పుడు ఈ గ్యాస్ పుట్టి, పొరల్లోనే ఇరుక్కొని ఉంటది. బొగ్గు కొడితే బయటికి వస్తది. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలిలో సుమారు 5 నుంచి 15 శాతం కలిసినప్పుడు నిప్పురవ్వ పడితే పేలుతది.

ఇంగ్లండ్ బొగ్గు కార్మికులు దీన్ని "ఫైర్‌డ్యాంప్" అనేవారు. ఇక్కడ ఇంకో గమ్మత్తు ఉంది. డ్యాంప్ అంటే ఇప్పుడు మనకు తేమ, చెమ్మ. కానీ ఈ మాట జర్మన్‌లో డంప్ఫ్ అనే మాటకు చుట్టం. దానర్థం ఆవిరి. అంటే ఫైర్‌డ్యాంప్ అంటే నిప్పుల ఆవిరి, తడిసిన నిప్పు కాదు. మైనింగ్ డిప్లొమా చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు బ్లాక్‌డ్యాంప్, ఆఫ్టర్‌డ్యాంప్ అని బట్టీ పడతారు కదా, అవన్నీ ఈ డ్యాంపే. ఈ మాటనూ ముక్కలు చేస్తే మోసపోతం.

1812 మే 25న ఇంగ్లండ్ ఉత్తరాన ఫెల్లింగ్ అనే చోట బొగ్గు గనిలో ఈ గ్యాస్ పేలింది. 92 మంది చచ్చిపోయిండ్రు. అందులో చిన్న పిల్లలు కూడా ఉన్నారు, ఆ కాలంలో పిల్లలను కూడా బాయిలకు దింపేవాళ్లు. అప్పట్లో వెలుతురు కోసం కొవ్వొత్తులు, మూత లేని దీపాలు వాడేవాళ్లు. ఇది విన్నప్పుడల్లా నాకు మా ఇంట్ల నేల మీది కొవ్వొత్తి గుర్తొస్తది.

ఫెల్లింగ్ తర్వాత జనంలో ఆందోళన లేచింది. 1815లో హంఫ్రీ డేవీ ఒక దీపం తయారు చేసిండు. ఆలోచన చాలా సింపుల్: దీపం చుట్టూ సన్నటి తీగ జాలీ. మంట వేడిని జాలీ లాగేసుకుంటది, అందుకని లోపలి మంట బయటి గ్యాస్‌ను ముట్టించలేదు. అదే కాలంలో జార్జ్ స్టీఫెన్‌సన్, విలియం క్లానీ కూడా వేరే వేరే సేఫ్టీ దీపాలు చేసిండ్రు. డేవీ తన దీపానికి పేటెంట్ తీసుకోలేదు.

ఆ దీపం తర్వాత ఇంకో పనికి పనికొచ్చింది. గ్యాస్‌ను కనిపెట్టే పనికి. బాపు నాకు చేతులతో చేసి చూపించిండు. మీథేన్ గాలికంటే తేలిక కాబట్టి పైకప్పు దగ్గర చేరుతది. సర్దార్ వత్తిని బాగా తగ్గించి, దీపాన్ని మెల్లగా పైకి లేపుతడు. గ్యాస్ ఉంటే మంట మీద సన్నటి నీలం టోపీ లాంటిది కనిపిస్తది. గ్యాస్ పెరిగినకొద్దీ ఆ టోపీ పొడుగు పెరుగుతది. ఆక్సిజన్ తగ్గితే దీపం కొండెక్కుతది.

ఆగండి, ఇప్పుడు నేను ఏమన్న? దీపం కొండెక్కుతది అన్న. మీలో ఎవరన్నా దీపం గుట్ట ఎక్కిందనుకున్నరా? లేదు కదా. ఆరిపోయిందని అర్థమైంది. ఎందుకంటే చిన్నప్పటి నుంచి ఇంట్ల విన్నం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్త.

ఇప్పుడు మన బొగ్గు బెల్టులోకి వద్దాం. 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు ఉన్నట్టు గుర్తించిండు. 1886లో ఇంగ్లండ్‌లో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వే హక్కులు దొరికినయి. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ పేరు వచ్చింది. కంపెనీతో పాటు మాటలు కూడా ఓడ దిగినయి. ఇంక్లైన్, షాఫ్ట్, ఓవర్‌మెన్, షాట్‌ఫైరర్. వాటి పక్కన ఫార్సీ నుంచి వచ్చిన సర్దార్. గోదావరిఖనిలో, సెంటినరీ కాలనీలో బడికి పోని ముసలాయన కూడా ఈ మాటలు గడగడ మాట్లాడతడు. ఇవి ఆయనకు ఇంగ్లిష్ కాదు, బాయి భాష.

అట్లనే ఇన్‌ఫ్లేమబుల్ కూడా మన చట్టాల్లో పాతుకుపోయింది. మన రాజ్యాంగం ఏడో షెడ్యూల్ తీయండి. కేంద్ర జాబితాలో 53వ అంశం పెట్రోలియం గురించి. అందులో "డేంజరస్లీ ఇన్‌ఫ్లేమబుల్" అనే మాట ఉంది. 1952లో పార్లమెంటు ఏకంగా ఆ పేరుతోనే ఒక చట్టం చేసింది: ఇన్‌ఫ్లేమబుల్ సబ్‌స్టాన్సెస్ యాక్ట్. గోళ్ల రంగు తుడిచే అసిటోన్, పాత కాలం నైట్రో సెల్యులోజ్ సినిమా రీళ్లు, ఇట్లాంటివన్నీ ప్రమాదకరంగా మండేవి అని ఆ చట్టం ప్రకటించింది.

1957లో కోల్ మైన్స్ రెగ్యులేషన్స్ వచ్చినయి. అందులో గ్యాస్ గురించి ఎక్కడ చూసినా "ఇన్‌ఫ్లేమబుల్ గ్యాస్" అనే ఉంటది. ఒక్కో వెంటిలేషన్ డిస్ట్రిక్ట్ నుంచి తిరిగి వచ్చే గాలిలో ఆ గ్యాస్ 0.75 శాతం దాటొద్దు. బాయిలో ఏ చోట కూడా 1.25 శాతం దాటొద్దు. దాటితే అక్కడ కరెంటు కట్ చెయ్యాలె. పేలే హద్దు 5 శాతం దగ్గర ఉంటే, చట్టం 1.25 దగ్గరనే ఆపుతుంది. పేలితే ఏమైతదో చూడండి, 1965 మే 28న ఇప్పటి జార్ఖండ్‌లోని ధోరీ గనిలో జరిగిన పేలుడులో 268 మంది పోయిండ్రు. బాయిలో "చూద్దాం తియ్" అనుకునే టైమ్ ఉండదు. 2017లో కొత్త రెగ్యులేషన్స్ వచ్చినయి. వాటిలోనూ మాట మారలే. ఇన్‌ఫ్లేమబుల్ గ్యాసే.

మరి ఫ్లేమబుల్ ఎక్కడినుంచి వచ్చింది? ఇది చిన్న చెల్లె అనుకోండి. 1813లో, అంటే ఫెల్లింగ్ పేలుడు జరిగిన మరుసటి ఏడాది, లాటిన్ నుంచి ఇంగ్లిష్‌లోకి చేసిన ఒక అనువాదంలో కనిపించింది. "ఇన్" లేని ఫ్లమ్మారే నుంచి పుట్టిన మాట. కానీ వందేళ్ల పాటు దాన్ని పట్టించుకున్నోళ్లు చాలా తక్కువ.

దాన్ని మళ్లీ లేపింది కవులు కాదు, పండితులు కాదు. అగ్ని ప్రమాదాలను ఆపే పనిలో ఉన్నోళ్లు. అమెరికాలో 1896లో పెట్టిన నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ అనే సంస్థ ఉంది. 1920ల్లో ఆ సంస్థ ఇన్‌ఫ్లేమబుల్ వదిలేసి ఫ్లేమబుల్ వాడండి అని చెప్పడం మొదలుపెట్టింది. ఎందుకు? ఆ కాలానికి పెట్రోల్, ద్రావకాలు, రంగులు ఫ్యాక్టరీల నుంచి ఇళ్లలోకి వచ్చేసినయి. లాటిన్ తెలిసిన కెమిస్టు మాత్రమే కాదు, కూలీ పని చేసేటాయన, ఇంటి ఇల్లాలు, వేరే దేశం నుంచి వలస వచ్చినోళ్లు, అందరూ డబ్బా మీద రాత చదువుతున్నారు. వాళ్లలో ఒక్కరు "ఇన్ అంటే కాదు" అనుకున్నా నిప్పు అంటుకుంటది. సరిగ్గా నేను అనుకున్నట్టు.

1953లో అమెరికా తొందరగా అంటుకునే బట్టల మీద చేసిన చట్టం పేరే ఫ్లేమబుల్ ఫ్యాబ్రిక్స్ యాక్ట్. 1959లో బ్రిటిష్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్ కూడా ఫ్లేమబుల్, నాన్ ఫ్లేమబుల్ అనే వాడుకను ప్రోత్సహిస్తాం అన్నది. ఐక్యరాజ్యసమితి 2003లో మొదటిసారి అచ్చేసిన రసాయనాల లేబుళ్ల పద్ధతిలో కూడా ఫ్లేమబులే ఉంది. భాషాపరంగా చూస్తే పాత మాటలో తప్పేమీ లేదు. అయినా మార్చిండ్రు. ఎందుకంటే హెచ్చరిక రాసినోనికి అర్థమైతే సరిపోదు, చదివేటోనికి అర్థం కావాలె.

ఇక్కడ ఒక మనిషి గురించి చెప్పాలె. బెంజమిన్ లీ వోర్ఫ్. ఎంఐటీలో కెమికల్ ఇంజినీరింగ్ చదివి, 1919లో హార్ట్‌ఫర్డ్ ఫైర్ ఇన్సూరెన్స్ కంపెనీలో చేరిండు. ఫ్యాక్టరీలు తిరిగి, మంటలు ఎందుకు అంటుకున్నయో చూడటం ఆయన పని. తర్వాత పెద్ద భాషా శాస్త్రవేత్తగా పేరు తెచ్చుకున్నడు. ఉద్యోగం మాత్రం వదల్లే.

వోర్ఫ్ ఒక సంగతి గమనించిండు. పెట్రోల్ నిండి ఉన్న డ్రమ్ముల దగ్గర జనం జాగ్రత్తగా ఉంటారు. "ఖాళీ" డ్రమ్ముల దగ్గర సిగరెట్ తాగుతారు. నిజానికి ఖాళీ డ్రమ్ములోనే ప్రమాదం ఎక్కువ, దాని నిండా పేలే ఆవిరి ఉంటది. కానీ ఖాళీ అనే మాట వినంగనే మెదడు "ఏం లేదు" అనేసుకుంటది. ఇంకో చోట సున్నపురాయితో చేసిన ఒక పొరను పైన కప్పిండ్రు. రాయి అంటే మండదు కదా అని దాన్ని మంట నుంచి కాపాడలే. యాసిడ్ ఆవిర్లు తగిలి తగిలి అది వేరే పదార్థంగా మారింది, వేడెక్కితే అసిటోన్ వదిలింది, అంటుకుంది. మాటే మనిషిని మోసం చేసింది అంటడు వోర్ఫ్. ఈ ఉదాహరణలు ఆయన 1941లో అచ్చయిన వ్యాసంలో ఉన్నయి.

ఖాళీ అంటే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. ఇంట్ల బియ్యం అయిపోతే "బియ్యం నిండుకున్నయి" అంటది. నిండుకోవడం అంటే మాట ప్రకారం ఫుల్లు కావడం. కానీ అర్థం ఖాళీ అయినయని. ఇంట్ల "అయిపోయినయి" అనడం అశుభం అని పెద్దోళ్లు అట్ల తిప్పి చెప్పిండ్రు. తెలుగు కొత్తగా నేర్చుకునే మనిషి ఈ మాట వింటే సంచి నిండుగ ఉందనుకొని కూర్చుంటడు. మనకు ఎందుకు అర్థమైతది? అమ్మ నోట విన్నం కాబట్టి.

దీపం కొండెక్కింది, బియ్యం నిండుకున్నయి, విమల, ఇన్‌ఫ్లేమబుల్. వీటి అర్థం ముక్కల్లో లేదు. వాడే మనుషుల దగ్గర ఉంది. బాపుకు ఇన్‌ఫ్లేమబుల్ తెలిసింది డిక్షనరీతో కాదు. నీలం టోపీని కండ్ల ముందు చూసి తెలుసుకున్నడు. నాకు ఆ మాట వెనక మనుషులెవరూ లేరు, మూడు ముక్కలు మాత్రమే ఉన్నయి.

అయితే ఒక పెద్ద తేడా ఉంది. బియ్యం మాట తప్పు అర్థమైతే ఒక పూట అన్నం ఆలస్యమైతది. ఇన్‌ఫ్లేమబుల్ తప్పు అర్థమైతే చెయ్యి కాలుతది. అందుకే "వాడుకలో ఉంది కదా, నేర్చుకోండి" అని వదిలెయ్యడానికి లేదు. బాయిలో ఆ మాట సరిపోతది, ఎందుకంటే అక్కడ ట్రైనింగ్ ఉంది, పరీక్ష ఉంది, ఏటా రక్షణ పక్షోత్సవాలు జరుగుతయి. కానీ గమ్ డబ్బా కొనే వడ్ల కాకకు ఎవరు ట్రైనింగ్ ఇస్తరు?

ఇప్పుడు మన రోడ్ల మీద రెండు మాటలూ తిరుగుతున్నయి. పాత చట్టాల ప్రకారం ట్యాంకర్ మీద ఇన్‌ఫ్లేమబుల్. అంతర్జాతీయ పద్ధతిలో అచ్చయిన డబ్బా మీద ఫ్లేమబుల్. రెండూ చూసిన పిల్లలు వాటిని వ్యతిరేక పదాలు అనుకోవడంలో వింత లేదు. కాబట్టి ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి:

ఇన్‌ఫ్లేమబుల్ అంటే మంట అంటుకుంటది.
ఫ్లేమబుల్ అంటే కూడా మంట అంటుకుంటది.
నాన్ ఫ్లేమబుల్ అంటేనే అంటుకోదు.

కంబస్టిబుల్ అనే ఇంకో మాట కూడా చూస్తుంటారు. అదీ మండేదే. లెక్క అంతా ఫ్లాష్ పాయింట్ మీద ఉంటది, అంటే ఎంత వేడికి ఆ ద్రవం నుంచి నిప్పు అందుకునేంత ఆవిరి లేస్తదో ఆ లెక్క. పెట్రోల్‌కు అది సుమారు మైనస్ 40 డిగ్రీలు. అంటే మన ఊళ్ల చలికాలం తెల్లారుజామున కూడా పెట్రోల్ ఆవిరి అంటుకోవడానికి రెడీగనే ఉంటది. అందుకే మాట చదవడం రాకపోయినా, డబ్బా మీద మంట బొమ్మ కనిపిస్తే కిటికీలు తెరవండి. దీపం, స్టవ్, బీడీ, స్విచ్‌లు అన్నిటికీ దూరం పెట్టండి. ఖాళీ డబ్బా అయినా అంతే.

నా మటుకు నేను కోరేది చిన్నది. ఇక్కడ అమ్మే డబ్బా మీద, ఇక్కడ తిరిగే ట్యాంకర్ మీద, ఆ ఇంగ్లిష్ మాట పక్కన పెద్ద అక్షరాలతో "మంట అంటుకుంటది" అని తెలుగులో రాయాలె. దహనశీలం, జ్వలనశీలం అని కాదు. ఇంగ్లిష్ చిక్కు తీసేసి సంస్కృతం చిక్కు పెడితే లాభం లేదు. మా వడ్ల కాక తెలుగు చదువుతడు. ఆ రోజు ఆ రెండు మాటలు డబ్బా మీద ఉంటే నన్ను పిలిచే పనే పడకపోవు.

కాక ఇప్పుడు బాగానే ఉన్నడు. పని చేస్తుండు. చెయ్యి మీద మచ్చ ఉంది. మొన్న ఈ ఎపిసోడ్ చేస్తున్న అని చెప్పి, ఆ సంగతి చెప్పుకోవచ్చా అని అడగడానికి పోయిన. నవ్వి, "చెప్పు బిడ్డా, నాలుగు చేతులన్నా మిగుల్తయి" అన్నడు. తర్వాత పక్కనున్న కొత్త పాలిష్ డబ్బా నా చేతిలో పెట్టి, "ఇది ఏమంటుందో సూడు" అన్నడు.

చూసిన. ఇన్‌ఫ్లేమబుల్. ఈసారి ముక్కలు చెయ్యలే. "అంటుకుంటది కాక" అన్న. ఆయన లేచి కిటికీ తెరిచిండు.

ఇట్లనే చూడటానికి ఒక అర్థం, అసలుకు ఇంకో అర్థం ఉండే మాటలు మీ ఇంట్ల, మీ ఊళ్ల ఉంటే కామెంట్స్‌లో రాయండి. బాయి పని చేసే ఇళ్ల నుంచి చూస్తున్నోళ్లు మీ బాపు, మీ తాత వాడే మాటలు తప్పకుండా రాయండి. వాటి మీద ఇంకో ఎపిసోడ్ చేద్దాం. ఉంట మరి, జాగ్రత్త.